మోదుగుగుట్ట మీది గొంతు

ఖానాపురం హవేలి, ఖమ్మం
జనవరి 9

బాలీ,

నా చేతిరాత చూసి ఎవరో పోయారేమోనని భయపడకు. అందరం బాగానే ఉన్నాం. పాల్వంచ బడిలో చదివే రోజుల్లో వేసవి సెలవులు రాగానే నువ్వు తండా నుంచి, నేను కంపెనీ క్వార్టర్స్ నుంచి కార్డులు రాసుకునేవాళ్లం కదా. మళ్లీ అట్లా రాయబుద్ధయింది. నా ఫోన్ కూడా పాడైంది. బాగు చేయించే ఓపిక లేదు, కాబట్టి ఉత్తరమే రాయి.

అసలు కారణం వేరే ఉంది. నిన్న పేపర్లో మీ మోదుగుగుట్ట పేరు చూశాను. గుట్ట మీద తోడేళ్ల జంట చేరిందట. మేకలను ఎత్తుకుపోతోందట. మీ మంగీలాల్ బావను కరిచిందట. వాటిని కాల్చి చంపడానికి అనుమతి ఇవ్వమని తండా పెద్దలు అర్జీ పెట్టారని రాశారు. అది చదివాక అన్నం సయించలేదు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి పిల్లలకు మేకపిల్ల, తోడేలు కథ చెప్పిన దాన్ని, చెప్పిన ప్రతిసారీ చివర్లో తోడేలును చంపేసిన దాన్ని. తీరా నిజం తోడేలును చంపుతామంటే మాత్రం ఊరుకోలేకపోతున్నాను. చంపవద్దని ఒక విన్నపం రాసి, సంతకాల కోసం తిరగడం మొదలుపెట్టాను. మా అన్న చందర్‌కు తెలిస్తే నాకు మతి పోయిందంటాడు.

నువ్వు ఆ గుట్ట కిందే ఉన్నావు. నీకు మేకలున్నాయి. అక్కడేం జరుగుతోందో రాయి. నాకు నచ్చేది కాదు, జరిగింది రాయి.

నీ సరిత


మోదుగుగుట్ట తండా
జనవరి 21

సరితా,

ఉత్తరం అందింది. పోస్టుమాన్ దూరం నుంచే "బాలక్కా, కోర్టు కాయితం లెక్కున్నది, సూస్కో" అని భయపెట్టి మరీ ఇచ్చాడు. నీ రాత చూశాక వాణ్ణి తిట్టి, చాయ్ పోసి పంపాను.

జరిగింది రాయమన్నావు. తోడేళ్లు ఉన్నాయి, రెండు. నా మేకపిల్లలను కూడా తిన్నాయి. మేతకు పోయేటప్పుడు పసిపిల్లలను ఇంటి దగ్గర గంప కింద మూసి, గంప మీద రాయి పెట్టి పోతాం. ఆ రోజు పెట్టిన రాయి తేలికదయింది. వచ్చి చూస్తే గంప ఒక పక్క, రాయి ఒక పక్క పడి ఉన్నాయి. తల్లిమేక చీకటి పడేదాకా ఆ ఖాళీ గంప చుట్టూ అరుస్తూ తిరిగింది. తోడేళ్ల మీద నాకు ప్రేమ ఉందని మాత్రం అనుకోకు. ఆ రోజు నా చేతికి దొరికితే నేనే చంపేదాన్ని.

తర్వాత దొడ్డి చుట్టూ రేగుకంప ఎత్తుగా వేశాను. గంప మీద పెద్ద రాయి పెడుతున్నాను. మళ్లీ రాలేదు. మిగతావాళ్లనూ కంప వేసుకోమన్నాను. "కాల్చి పడేస్తే అయిపోయేదానికి కంప ఎందుకు కొట్టాలె" అన్నారు. ఇక మంగీలాల్ బావ సంగతి. కల్లంలో పడుకుంటే ఏదో చెయ్యి కరిచింది. మొదటి రోజు కుక్క అన్నాడు. పేపరాయన వచ్చి పోయాక అది తోడేలు అయింది.

నా సంగతి కూడా అడిగినట్టే అనుకుని రాస్తున్నాను. మా ఆయన కోటేష్‌కు పాల్వంచలో కాంట్రాక్టు డ్యూటీ. అక్కడే కిరాయి గది. ఆదివారం వస్తానంటాడు, ఓవర్ టైం అని ఆగిపోతాడు. పిల్లలు అత్తగారిళ్లకు పోయారు. పగలంతా నేనూ మేకలూ. ఎవరికీ చెప్పని మాట నీకు చెబుతున్నాను, నవ్వకు. పొద్దుగూకే వేళ మందను తోలుకొస్తుంటే గుట్ట మీద నుంచి ఒకటి పిలుస్తుంది. కాసేపటికి వాగు అవతల నుంచి ఇంకొకటి పలుకుతుంది. మేకలు బెదురుతాయి. నేను మాత్రం నిలబడి వింటాను. దానికైతే పలికేది ఒకటుంది అనుకుంటాను.

నువ్వు ఇటు వచ్చి ఎన్నేళ్లయిందే. వస్తే మా ఆడవాళ్ల పద్ధతిలో నీ మెడ పట్టుకుని కరువుతీరా ఏడవాలని ఉంది.

బాలి


ఖానాపురం హవేలి
ఫిబ్రవరి 14

బాలీ,

నీ ఉత్తరాన్ని దిండు కింద పెట్టుకున్నాను. నవ్వలేదు.

మెడ పట్టుకుని ఏడుస్తానంటే మీ అమ్మ గుర్తొచ్చింది. నిన్ను చూడటానికి హాస్టల్‌కు వచ్చినప్పుడు, అక్కడే వంట చేసే మీ మేనత్త కనిపించగానే ఇద్దరూ మెడలు పట్టుకుని రాగం తీస్తూ ఏడ్చారు. ఎవరో చచ్చిపోయారనుకుని వార్డెనమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చింది. చాలా రోజులకు కలిస్తే మేం ఇట్లాగే పలకరించుకుంటామని నువ్వు చెప్పేదాకా ఆవిడ గుండె కుదుటపడలేదు.

సంతకాల పని నడుస్తోంది, నడవడం లేదు కూడా. మొన్న మిర్చి యార్డు దగ్గర అట్ట మీద "తోడేళ్లను చంపవద్దు, మందలకు రక్షణ ఇవ్వండి" అని రాసి నిలబడ్డాను. మిర్చి రైతు ఒకాయన అట్టంతా నిదానంగా చదివి, "తోడేళ్లకు రేషన్ కార్డు గూడ ఇప్పియ్యరాదె టీచరమ్మా" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. ఆయనే మళ్లీ వచ్చి సంతకం పెట్టాడు. కానీ మిర్చి ఘాటుకు ఎక్కువసేపు ఉండలేకపోయాను. షేర్ ఆటోలో ఇంటికి వచ్చేదాకా దగ్గుతూనే ఉన్నాను. ఇంటికొచ్చి తలుపు తీస్తే ఎవరూ లేరు. ఉండరని తెలిసినా తలుపు తీసే ముందు ఒక క్షణం ఆగుతాను, ఎందుకో.

ఇప్పుడు అసలు మాట. ఏప్రిల్ మొదట్లో మీ మండలంలో మీటింగు పెడుతున్నారు. తండావాళ్ల మాట విని, చంపాలా వద్దా అని అటవీ శాఖ అధికారి పైకి రాస్తాడట. నేను తెచ్చే సంతకాలన్నీ పట్నం వాళ్లవి. "మీ మేక పోయిందా, మీకేం తెలుసు" అని ఒక్క మాటతో కొట్టిపారేస్తారు. మేకపిల్లను పోగొట్టుకున్న మనిషి లేచి, కంప వేస్తే రాలేదు, చంపొద్దు అంటే ఆ మాటకు విలువ వేరు. నువ్వు చెప్పాలి బాలీ. నేను వస్తాను, పక్కన నిలబడతాను. మాట్లాడటం మాత్రం నీదే.

సరిత


మోదుగుగుట్ట తండా
మార్చి 6

సరితా,

కోపంగా ఉంది, కాబట్టి క్షేమ సమాచారాలు లేవు.

నీ ఫోన్ పాడైందన్నావు. మా తండాలో సిగ్నల్ రాదు. మేకలను వదిలి, గుట్ట వాలులో ఉన్న బండ ఎక్కి చేశాను. రింగయింది. ఎత్తావు కూడా. హలో అన్నాను. సరితా అన్నాను. నీ ఊపిరి వినిపించింది, గట్టిగా, పక్కన కూర్చున్నట్టు. అయినా పలకలేదు. పెట్టేశావు. మర్నాడు మళ్లీ ఎక్కాను. మళ్లీ అంతే. నేనేం తప్పు చేశానే. అందరి ముందు లేచి మాట్లాడమంటావు. నాతో మాత్రం ఒక్క మాట మాట్లాడవు.

ఇక్కడ నా పరిస్థితి నీకు తెలుసా. సంతకాల టీచరమ్మ నీ దోస్తంట గదా అని మంగీలాల్ బావ ఇంటి ముందుకొచ్చి అడిగాడు. అవునన్నాను. "తండా ఒక్క మాట మీదున్నది బాలీ. నువ్వొక్కదానివి ఇంకో మాట అన్నవనుకో, రేపు నీ మందను ఎవ్వని చేన్ల తోలుతవ్, ఎవ్వని బోరు కాడ నీళ్లు తాపుతవ్" అన్నాడు. కోపంగా కూడా అనలేదు, మంచి చెబుతున్నట్టే అన్నాడు. ఎండాకాలం వస్తోంది. ఆ బోరు లేకపోతే నా మేకలు బతకవు. నాలుగు రోజులుగా నీళ్ల దగ్గర ఆడవాళ్లు నన్ను చూసి మాట ఆపేస్తున్నారు.

ఎవరికీ చెప్పనిది ఇంకొకటి ఉంది. గుట్ట వెనక బండల సందులో వాటి పిల్లలున్నాయి. చూశాను. నోరు మూసుకున్నాను. నా నోరు మూతపడే ఉంది సరితా, దాన్ని తెరవమని అడిగే ముందు నీది తెరువు.

బాలి


ఖానాపురం హవేలి
మార్చి 15

బాలీ,

నువ్వు విన్నది ఊపిరే. అంతకంటే ఏమీ మిగల్లేదు.

కిందటి వర్షాకాలం గొంతులో గడ్డ అన్నారు. హైదరాబాద్ దవాఖానాలో కోసి, స్వరపేటిక మొత్తం తీసేశారు. ప్రాణం దక్కింది. మెడ కింద రంధ్రం ఉంది, దానిలోంచే ఊపిరి తీసుకుంటాను. చున్నీ కప్పుకుంటాను కాబట్టి ఎవరికీ తెలియదు. మిర్చి ఘాటు ఎందుకు తట్టుకోలేకపోయానో ఇప్పుడు అర్థమై ఉంటుంది. బడిలో పాఠం చెప్పలేను గనక ఆఫీసు పని ఇచ్చారు. మెడకు ఆనించి మాట్లాడే మిషన్ కూడా ఒకటి ఇచ్చారు. రేడియో చెడిపోయినప్పుడు వచ్చే చప్పుడులా ఉంటుంది. మొదటిసారి దానితో "అన్నా" అని పిలిస్తే చందర్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఆ తర్వాత దాన్ని పెట్టె తెరిచి తీయలేదు.

నీకు చెప్పలేదు. ఎందుకంటే నువ్వొక్కదానివే ఇంకా నన్ను గొంతుతో గుర్తుపెట్టుకున్నావు. అది పోగొట్టుకోవడం ఇష్టం లేకపోయింది. రింగయితే ఎత్తకుండా ఉండలేకపోయాను, నీ గొంతు వినాలని. నువ్వు రెండుసార్లు పిలిచి, మూడోసారి కొంచెం చిన్నగా పిలిచావు. అక్కడ ఇక వినలేక పెట్టేశాను.

నా బాధ తీసుకెళ్లి తోడేళ్లకు తగిలిస్తున్నానని అనుకుంటావేమో. కావచ్చు. అయినా అడిగేది తప్పు కాదు కదా.

మీటింగులో మాట్లాడమని ఇక అడగను. నీ బోరు, నీ మేకలు నాకు ముఖ్యం. నేను మాత్రం వస్తాను. అట్ట పట్టుకుని ఒక మూల నిలబడతాను.

సరిత


ఖానాపురం హవేలి
ఏప్రిల్ 8

బాలీ,

నా ఉత్తరానికి జవాబు రాలేదు. నువ్వే వచ్చావు.

మీటింగు గది గుమ్మం దగ్గర నా చున్నీ వైపు చూసి, చేతిలో కర్ర పారేసి, నడిచొచ్చి నా మెడ పట్టుకున్నావు. మీటింగు అంతా ఆగిపోయింది. నువ్వు ఎంతసేపు రాగం తీసి ఏడ్చావో నాకు తెలియదు, నా భుజం మొత్తం తడిసింది. నేనూ ఏడ్చాను. నా ఏడుపుకు చప్పుడు లేదు కాబట్టి ఎవరూ గమనించలేదు. ఆ తర్వాత మంగీలాల్ నీ భుజం మీద చెయ్యి వేసి, "పా, ఇంటికి పా" అని తీసుకుపోయాడు. నువ్వు ఎదురు చెప్పకుండా వెళ్లిపోయావు. నువ్వు మాట్లాడతావని నేను ఎదురుచూస్తూనే ఉన్నాను.

నీకు పేపర్ అందదు కాబట్టి ముక్క కత్తిరించి ఇందులో పెట్టాను. ఫొటోలో ఉన్నది మనమే. కింద ఏం రాశారో చూడు. "తోడేళ్లకు మేకలను బలిచ్చిన గిరిజన మహిళ గుండెకోత. సభలో కన్నీరుమున్నీరు." నువ్వు ఏడుస్తుంటే అధికారి కళ్లు కూడా చెమర్చాయి, నేను చూశాను. మంచివాడే. పక్కనున్న అతనితో "ఇంతకంటే ఇంకేం వినాలయ్యా" అన్నాడు. అది మేకల కోసం ఏడ్చిన ఏడుపు కాదు, చాలా రోజులకు కలిసినప్పటి ఏడుపు అని అట్ట వెనక రాసి చూపించాను. అప్పటికే కుర్చీలు జరుపుతున్నారు. ఒకాయన నా చేతిలోంచి అట్ట తీసుకుని, "అమ్మా, చూశారు కదా ఆమె బాధ, ఇంకా మీకు తోడేళ్లేనా" అన్నాడు. గొంతు లేకపోవడం అంటే ఏమిటో నాకు అప్పుడే పూర్తిగా తెలిసింది. కాల్చడానికి అనుమతి వచ్చిందని ఈ రోజు కబురు.

ఒక్కటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. నాకు మీ భాష రాదు. నువ్వు ఏమని ఏడ్చావు? మేకపిల్లల మాట కూడా ఉందా అందులో?

సరిత


మోదుగుగుట్ట తండా
ఏప్రిల్ 15

సరితా,

పేపర్ ముక్క చూసి కాసేపు నాకు ఏమీ అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది.

మేకపిల్లల మాట ఉంది. విను. మా మాటల్లో పాడింది తెలుగులో పెడితే అంత బాగుండదు, అయినా రాస్తున్నా. "బడిలో నన్ను పేరు వెట్టి పిలిచిన గొంతు, బండ మీది నుంచి నేను పిలిస్తే పలకని గొంతు, యాడికి పోయినవే. పొద్దుగూకంగ గుట్ట మీద పిలిచే గొంతు ఒక్కటున్నది, దాన్ని గూడ తీసేస్తరంట. మేకపిల్లలు పోతే మళ్ల పుడతయి, పోయిన గొంతు మళ్ల పుట్టదే. దాన్నన్న ఉంచమని ఎవరితోని చెప్పుకుందునే."

ఇదీ నేను పాడింది. మాట్లాడలేదని నువ్వనుకున్నావు. నేనేమో చెప్పవలసిందంతా చెప్పేశాననుకున్నాను. మావాళ్లలో ఏడ్చి చెప్పిన మాటను మళ్లీ వట్టి నోటితో చెప్పం. చెబితే ఆ ఏడుపు ఉత్తదే అయినట్టు. అందుకే బావ పదమంటే లేచి వచ్చేశాను. ఆ కుర్చీల్లో కూర్చున్నవాళ్లకు మా భాష రాదన్న సంగతి నాకు తట్టనే లేదు.

కానీ మావాళ్లు అంతమంది ఉన్నారు కదా. అందరికీ అర్థమైంది. మంగీలాల్ బావకు అందరికంటే బాగా అర్థమైంది. ఆమె అన్నది ఇదీ అని ఒక్కరూ అధికారికి చెప్పలేదు. రేపు మొదటి బస్సుకు ఆఫీసుకు పోతున్నాను. వట్టి నోటితోనే చెబుతాను.

బాలి


మోదుగుగుట్ట తండా
మే 19

సరితా,

ఇన్ని రోజులు రాయలేదు. రాయడానికి చెయ్యి రాలేదు.

ఆ రోజు ఆఫీసుకు పోయాను. అధికారి కూర్చోబెట్టి అంతా విన్నాడు. "నువ్వు పాడిందానికి నువ్వే సాక్ష్యం చెప్తే ఎట్లమ్మా, మీ తండాల ఇంకొకరు వచ్చి చెప్పాలె" అన్నాడు. తిరిగొచ్చి ఇల్లిల్లూ తిరిగాను. నీళ్లు తాగిపో అన్నవాళ్లు ఉన్నారు గానీ, వస్తానన్నవాళ్లు లేరు. బోరు దగ్గర మాత్రం ఎవరూ అడ్డం రాలేదు. నేను కనబడితే తలలు దించుకుని, తప్పుకుని దారి ఇచ్చేవాళ్లు. కోటేష్ ఆదివారం వచ్చి, "మనకెందుకే గివన్ని" అని, దొడ్డి కంప సరిచేసి వెళ్లిపోయాడు.

ఆలోపే తుపాకీ ఆయన వచ్చాడు. మగదాన్ని వాగు దగ్గర కాల్చాడు. నీళ్లకు వచ్చిందట. తండావాళ్లంతా చూడటానికి పోయారు, నేను పోలేదు. చూసొచ్చినవాళ్లు "గింతనే ఉన్నది, మన కుక్కంత" అన్నారు.

ఆ సాయంత్రం గుట్ట మీద నుంచి ఆడది పిలిచింది. వాగు అవతల నుంచి పలకలేదు. ఆగి మళ్లీ పిలిచింది. రోజూ పిలుస్తూనే ఉంది సరితా. ఇదివరకు నేనొక్కదాన్నే వినేదాన్ని. ఇప్పుడు తండా మొత్తం వింటోంది. పొయ్యిల దగ్గర ఆడవాళ్లు చేతిలో గరిటె ఆపి వింటున్నారు. ఎవరూ ఎవరి ముఖమూ చూడరు.

కొన్నాళ్లకు మంగీలాల్ బావ నా దొడ్డి దగ్గరికి వచ్చాడు. కంప పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. "అది ఇంకెన్నొద్దులు పిలుస్తది బాలీ" అన్నాడు. నాకేం తెలుసు బావా అన్నాను. "దానికి తెలుస్తలేదు గదా, పోయిందని" అన్నాడు. కంప వదిలి, "పా, ఆఫీసుకు పోదాం" అన్నాడు.

అధికారి ముందు తలగుడ్డ తీసి పట్టుకుని చెప్పాడు. "అవ్ సార్. ఆమె చంపొద్దనే ఏడ్చింది. మాకందరికి సమజైంది. మేమే చెప్పలే. నన్ను కరిసింది తోడేలో కుక్కో గూడ నాకెర్క లేదు." అధికారి పెన్ను పక్కన పెట్టాడు. తర్వాత ఫోన్ చేసి కాల్చడం ఆపమన్నాడు. నీ విన్నపం కూడా ఆ ఫైలులోనే ఉంది, కంపకూ కాపలా కుక్కలకూ సాయం ఇవ్వాలని నువ్వు రాసిన పేజీ తెరిచి బావకు చదివి వినిపించాడు. నువ్వు అక్కడ ఉంటే బాగుండేది.

ఆడది బతికింది, పిల్లలూ బతికాయి. గెలిచామని రాద్దామనుకున్నాను. రాయలేకపోతున్నాను.

రేపటి నుంచి పొద్దుగూకే వేళ బండ ఎక్కి నీకు ఫోన్ చేస్తాను. పాడైందని అబద్ధం చెప్పకు. ఎత్తు. నువ్వు మాట్లాడక్కర్లేదు.

బాలి


ఖానాపురం హవేలి
మే 28

బాలీ,

నిన్న ఎత్తాను. ముందు మేకల మెడ గంటలు వినిపించాయి. తర్వాత నీ ఆయాసం. వయసు మీద పడుతోంది, ఆ బండ మెల్లగా ఎక్కు.

నువ్వు ఏమీ అనలేదు. నేనూ అనలేదు. వీధిలో ఎవరో స్కూటర్ స్టార్ట్ చేస్తుంటే కిటికీ మూసొచ్చాను. అప్పుడు అది పిలిచింది. నేను కథల్లో పిల్లలను భయపెట్టడానికి పెట్టిన ఊళలా లేదు. అడుగుతున్నట్టుంది. "విన్నవా" అన్నావు నువ్వు. ఫోన్ మీద వేలితో తట్టాను. "అవ్, విన్నవ్" అన్నావు.

అది మళ్లీ పిలిచింది. అవతల నుంచి ఏమీ రాలేదు. నాకేమైందో తెలియదు, మళ్లీ తట్టాను, ఈసారి నీకు కాదు. అప్పుడు నీ ఊపిరి ఫోన్‌లో దూరమైపోయింది. చెయ్యి చాపి ఫోన్‌ను గుట్ట వైపు పట్టుకున్నావని అర్థమైంది. దానికి వినబడదని మనిద్దరికీ తెలుసు. అది ఆగేదాకా నువ్వు చెయ్యి దించలేదు, నేను తట్టడం ఆపలేదు.

రేపు కూడా చెయ్యి.

సరిత